వంటింట్లో మ్యాగ్నెటో

"పప్పులో పెట్రోలు వాసనొస్తంది," అంది మా అత్త జైనాబ్ బీ, ముద్ద ఇంకా నోటిదాకా పోకముందే.

రాలేదు. వంట మొదలుపెట్టే ముందు నేను చేతులు మూడుసార్లు కడుక్కుంటాను. ఒకసారి బట్టల సబ్బుతో, ఒకసారి శనగపిండితో, చివర్న నిమ్మతొక్కతో. గోళ్ళ సందుల్లో పాత టూత్‌బ్రష్ పెట్టి తోముకుంటాను. వాసన పప్పులో లేదు. మధ్యాహ్నమంతా నేను వెనక వరండాలో కూర్చుని ఏం చేశానో ఆమె చూసింది, అదీ ఆమె ముక్కుకు తగిలిన వాసన. సరే, పెద్దావిడ, షుగరు మనిషి, అన్నదంటే అన్నది. నా ఒళ్ళు మండింది ఆమె మాటకు కాదు. పక్కనే కూర్చుని అదే పప్పు రెండోసారి వడ్డించుకుంటున్న మా ఆయన రఫీక్ తల కూడా ఎత్తకుండా, "చేతులు సరిగ్గా కడుక్కోమని ఎన్నిసార్లు చెప్పాలే నీకు," అన్నాడు. ఆ పెట్రోలు ఆయన బండిది. నేను మధ్యాహ్నం కడిగింది ఆయన ఒప్పుకొచ్చిన ఇంజను సామాను. పప్పు గిన్నె ఆయన ముందు నుంచి లాగేద్దామనిపించింది. లాగలేదు. ఇంకొంచెం నెయ్యి వేశాను.

నరసరావుపేటలో సత్తెనపల్లి రోడ్డు మీద "రఫీక్ మోటార్స్, మిలిటరీ బండ్ల స్పెషలిస్టు" అని ఒక బోర్డుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వాడిన మోటారు సైకిళ్ళు, యుద్ధం అయిపోయాక డిస్పోజల్ వేలంలో అమ్ముడుపోయినవి, మా వైపు ఆసాముల గోడౌన్లలో మిరపకాయ బస్తాల వెనక ఇంకా అక్కడక్కడా పడున్నాయి. వాటి పిచ్చి ఉన్నవాళ్ళు హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి కూడా వ్యాన్లలో ఎక్కించుకుని మా ఆయన దగ్గరికి తెస్తారు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ట్యాంకు మీద చెయ్యి వేసి, "వదిలెయ్యండి సార్, నేను చూసుకుంటా," అంటాడు. ఆ చెయ్యి వెయ్యటం చాలా బాగుంటుంది, నేనే చూస్తూ ఉండిపోయిన రోజులున్నాయి. ఆయనకేమీ రాదని నేననను. వంగిన ఫోర్కును కంటితో చూసి సరిచేస్తాడు, వెల్డింగు చేస్తే అతుకు కనపడదు, రంగు వేస్తే సైన్యం వాళ్ళు నిన్ననే వదిలి వెళ్ళినట్టుంటుంది. కానీ రంగుతో బండి లేవదు. ఆ పాత బండ్లకు మ్యాగ్నెటో అని ఒక ఇనప ముద్ద ఉంటుంది, ఇంజనులో నిప్పు పుట్టించేది అదే. దాని లోపల వెంట్రుకంత రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఎనభై ఏళ్ళకు ఆ తీగ మీద లక్క కరిగి, జిగురు కారి, అంతా ముద్దకట్టుకుపోతుంది. దాన్ని విప్పి, కొత్త తీగ చుట్టి, నిప్పు ఏ క్షణాన పడాలో ఆ టైమింగు ఇంజనుతో కలపాలి. ఆ పని మా ఆయనకు రాదు. నాకు వచ్చు.

మధ్యాహ్నం షెడ్డుకు అన్నం తీసుకెళ్ళే వైరుబుట్ట నాతో తిరిగొచ్చేటప్పుడు బరువెక్కుతుంది. పైన ఖాళీ క్యారియరు, కింద తువ్వాలులో చుట్టిన మ్యాగ్నెటో. పెళ్ళయిన ఏడాది నుంచీ ఇరవై ఏళ్ళుగా అది మా ఇంటికి వచ్చేది ఆ దారినే. షెడ్డులో ఉన్నవాళ్ళకు నేను క్యారియరు పట్టుకుపోతున్న పెళ్ళాన్ని, అంతే. వారానికో పది రోజులకో అదే బుట్టలో, అన్నం కింద, పని పూర్తయిన మ్యాగ్నెటో షెడ్డుకు పోతుంది. ఆయన దాన్ని తువ్వాలులోంచి తీసి కస్టమరు చేతిలో పెట్టి, "మూడు రోజులు కళ్ళు పోయినయ్ సార్ దీంతో," అంటాడు. ఒకసారి నేను గుమ్మం దగ్గర ఉండగానే అన్నాడు. ఆ కస్టమరు నా వైపు తిరిగి, "పాపం మీకూ తిప్పలే అమ్మా, ఆయనకు టీలు అందించలేక," అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాకు పని నేర్పింది మా నాన్న రసూల్. గురజాలలో బస్టాండు వెనక ఆయన షెడ్డు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, వేళ్ళు సన్నగా ఉన్నాయని, తీగ చుట్టటానికి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పదిహేనేళ్ళు వచ్చేసరికి శబ్దం విని ఏ బండికి ఏ జబ్బో చెప్పేదాన్ని. మాచర్ల వైపు నుంచి వచ్చే రైతులు, "నీ కూతురు మొగపిల్లోడై పుట్టాల్సింది రసూలూ," అనేవాళ్ళు. మా నాన్న మురిసిపోయేవాడు. అందులో మురవటానికి ఏముందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. రఫీక్ ఆయన దగ్గర పనికి కుదిరాడు, రెండేళ్ళకు అల్లుడయ్యాడు. నాన్న మంచాన పడ్డాక పనిముట్ల పెట్టె, పాత కస్టమర్లు, ఇంగ్లీషు మాన్యువల్ పుస్తకాలు అన్నీ నరసరావుపేటలో షెడ్డు పెట్టిన అల్లుడి చేతిలో పెట్టాడు. "షెడ్డు ఆడపిల్ల పేరున ఏందమ్మా, బాగోదు. పని నీకెట్టాగూ వచ్చుగా," అన్నాడు నాతో. పని నాకు, పేరు అల్లుడికి. మా నాన్న మీద నాకు ఎంత ప్రేమో అంత కోపం. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఆయనతో ఈ పోట్లాట మాత్రం ఇంకా తెగలేదు.

"ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా" అన్నది మా ఇంట్లో ఇంచుమించు నా ముద్దుపేరు. ఖాళీగా ఉండే ఆ మనిషి ఐదింటికి లేస్తుంది. పాలు, అత్తకు ఇన్సులిన్ సూది, టిఫిను, సత్తెనపల్లి కాలేజీకి పోయే కూతురు షాహిస్తాకు బాక్సు, ఆయనకు వేన్నీళ్ళు, వంట, షెడ్డుకు అన్నం, అంట్లు. అత్త కునుకు తీసే రెండు గంటలూ మ్యాగ్నెటో. ఆమె లేచేసరికి టీ. ఆ తర్వాత స్పోకులు తోమటం, కార్బురేటరు కడగటం, ట్యాంకుల మీద పాత రంగు వాటర్ పేపర్‌తో రుద్దటం. ఒకసారి నాలుగు పొరల రంగు రుద్దితే అడుగున తెల్లటి అంకెలు బయటపడ్డాయి, యుద్ధంలో సైన్యం ఆ బండికి ఇచ్చిన నంబరు. నేను తడి చేత్తోనే పరిగెత్తుకుంటూ పోయి ఆయనకు చెప్పాను. మర్నాడు షెడ్డులో ఆయన, "రుద్దతా రుద్దతా ఉంటే నాకేదో అనుమానం తగిలింది సార్," అని చెప్పుకుంటున్నాడు. ఎనభై ఏళ్ళు గోడౌన్లో పడున్న ఇనుముకు కూడా తనదంటూ ఒక నంబరుంది. నాకు లేదు.

నవంబరులో రొంపిచెర్ల నుంచి చెన్నకేశవరావు గారు వచ్చారు. పొలాలు, రైస్ మిల్లు ఉన్న కుటుంబం, డెబ్బై దాటిన మనిషి, మాట మెత్తన. తన పాత గోడౌన్ బాగుచేయించి అందులో తొమ్మిది యుద్ధకాలపు మోటారు సైకిళ్ళు చేర్చి పెట్టారట. స్కూలు పిల్లలు వచ్చి చూడాలి, బండ్లు బొమ్మల్లా నిలబడకుండా వారానికొకసారన్నా స్టార్టు కావాలి. అందుకు అక్కడే ఉండి చూసుకునే మనిషి కావాలి. మంచి షెడ్డు, పనిముట్లు, నెల జీతం, తలుపు పక్కన ఇత్తడి పలక మీద ఆ మనిషి పేరు.

"మా నాన్నగారు వేలంలో కొన్న బి.ఎస్.ఏ. బండి ముందు లేపు రఫీకూ," అన్నారాయన. "జనవరి ఆఖరి ఆదివారం మా స్నేహితులంతా వస్తారు. వాళ్ళ ముందు మొదటిసారి అది స్టార్టవ్వాలి. అయిందా, మిగతా ఎనిమిదీ, ఆ పనీ నీవే."

నేను బుట్ట పట్టుకుని గుమ్మం దగ్గరే ఉన్నాను. నాకెప్పుడూ నగలు కావాలని గానీ, మేడ కావాలని గానీ అనిపించలేదు. ఆ తొమ్మిది బండ్లు మాత్రం కావాలనిపించింది. కొందరికి తిండి మీద పుట్టినట్టు నాకు వాటి మీద ఆశ పుట్టింది. నలుగురూ చూస్తుండగా, వెలుతుర్లో, బల్ల మీద పని. ఇంటికొచ్చాక రఫీక్‌కి చెప్పాను. "ఆ పని ఇద్దరం చేస్తామని చెప్పు. పలక మీద నా పేరు కూడా వెయ్యమను," అన్నాను. ఆయన చొక్కా విప్పుతూ ఆగిపోయాడు. కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ కాలింది. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"చూడు మైమూనా. ఇంట్లో పని నీది, బయట పని నాది. నువ్వు వండిన పప్పు నేను వండానని నేనెక్కడన్నా చెప్పుకుంటన్నానా?"

నేను చుట్టిన మ్యాగ్నెటో నువ్వు చుట్టానని చెప్పుకుంటున్నావుగా, అన్న జవాబు నాకు మర్నాడు అంట్లు తోముతుంటే తట్టింది. నా జవాబులన్నీ అట్లాగే తోమే గిన్నెల్లోకే పోతాయి.

ఈసారి పని బుట్టలో పట్టేది కాదు. ఇంజను మొత్తం ఫ్రేములోంచి దించి, పాత దుప్పటి కప్పి, ఆటోలో ఇంటికి పంపించాడు. నెలన్నర మా వెనక వరండాలో, బియ్యం డ్రమ్ము పక్కన ఉంది. తీగ చుట్టాను. పాయింట్లు, అంటే కలిసి విడిపోతూ నిప్పు పుట్టించే రెండు చిన్న ముక్కలు, సరిచేశాను. చివర్న టైమింగు. ఇంజను తల మీది బిరడా విప్పి, గీత పెట్టిన సైకిల్ స్పోకు లోపలికి దించితే పిస్టన్ ఎంత పైకి వచ్చిందో తెలుస్తుంది. వెండి పట్టీలు చుట్టి ఇచ్చే గులాబీ రంగు పల్చటి కాగితం ముక్క పాయింట్ల మధ్య పెట్టి, మెల్లగా లాగుతూ ఇంజను తిప్పాలి. కాగితం పట్టు వదిలి జారిన క్షణమే నిప్పు పడే క్షణం. పిస్టను, కాగితం రెండూ కలిసిన చోట మ్యాగ్నెటో గేరు బిగించాలి. ఈ గేరుకు గాడి ఉండదు, ఎక్కడ బిగిస్తే అక్కడ నిలబడుతుంది. అందుకని గేరు మీద, దాన్ని పట్టుకున్న కడ్డీ మీద కలిపి ఒక గీత పెట్టుకుంటాం. మా నాన్న తెల్ల ఎనామిల్ పెట్టేవాడు. నేను షాహిస్తా గోళ్ళరంగు పెడతాను, ఎర్రది. ఇట్టే ఆరుతుంది, నూనెకు పోదు.

ఇంజను తిరిగి ఆటో ఎక్కిస్తూ చెప్పాను. "ఆ ఎర్ర గీత కలిసుంటే టైమింగు ఉన్నట్టే. గేరు మాత్రం లాగమాక."

"తెలుసులేవే," అన్నాడు.

బండి తయారై, శుక్రవారం రొంపిచెర్లకు వెళ్ళిపోయింది. శనివారం పన్నెండింటప్పుడు, కాలేజీకి సెలవని ఇంట్లో ఉన్న షాహిస్తా ఫోను తెచ్చి వంటింట్లో నా ముందు పెట్టింది. "అమ్మా, నాన్న వీడియో." పాత బండ్ల మీద వీడియోలు తీసే అఖిల్ అనే ఆయన బుధవారం షెడ్డుకు వచ్చాడని తెలుసు, ఏం తీశాడో తెలియదు. నేను బెండకాయలు కోస్తూ చూశాను. రఫీక్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఇస్త్రీ నాదే. "టైమింగు అనేదే అసలు విద్య. ఇది మా మామగారు నాకొక్కడికే ఇచ్చి పోయాడు," అంటున్నాడు. అని, మూత విప్పి, గేరు ఊడదీసే పుల్లరు పెట్టి, కెమెరాకు బాగా కనపడాలని గేరు బయటికి లాగాడు.

"ఇదేంది భాయ్, ఎర్రగా? నెయిల్ పాలిషా?" అని కెమెరా వెనక నుంచి అఖిల్ నవ్వాడు.

రఫీక్ మొహం ఒక్క క్షణం మారింది. ఆ మొహం నాకు తెలుసు, బుట్టలో తువ్వాలు మీద ఎవరి కన్నన్నా పడినప్పుడు అట్లాగే అవుతుంది. వెంటనే తనూ నవ్వాడు. "మా ఆవిడ పనయ్యుంటది సార్. ఆడోళ్ళ చేతికి ఏది దొరికినా ముగ్గేస్తారు," అని థిన్నరు గుడ్డ తీసుకుని, గేరు మీదా కడ్డీ మీదా శుభ్రంగా తుడిచేశాడు. ఎంత శ్రద్ధగా తుడిచాడో. మా ఇంట్లో తను తిన్న పళ్ళెం ఒక్కరోజు అట్లా తుడిచి ఉంటే నేను సంతోషపడేదాన్ని. తర్వాత గేరు తోచినట్టు ఎక్కించి, నట్టు బిగించి, "అంతే, కంటిలెక్క," అన్నాడు. కింద జనం చప్పట్ల బొమ్మలు పెట్టారు.

షాహిస్తా నా వైపు చూసింది. "అమ్మా, ఆ గీత..." అంది. అవును, అన్నాను. గేరు ముందుకు తిరిగి బిగుసుకుందని వీడియోలోనే కనపడుతోంది. అంటే పిస్టన్ పైకి వస్తుండగానే నిప్పు పడుతుంది, ఇంజను వెనక్కి తంతుంది. తన్నేది కిక్కు మీదున్న కాలినే.

అన్నం బుట్టతో షెడ్డుకు పోయాను. అక్కడ ఇద్దరు కస్టమర్లు, ఎదురు షాపు ఆయన. రఫీక్‌ని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "గేరు లాగావు, టైమింగు పోయింది. సాయంత్రం ఇద్దరం రొంపిచెర్ల పోదాం, గంటలో పెట్టేస్తా," అన్నాను.

ఆయన పక్కకు కాదు, అందరికీ వినపడేట్టు చెప్పాడు. "ఏమే, అన్నం పెట్టి పో. నాలుగు వీడియోలు చూసి మెకానిక్‌వి అయ్యావా?"

వాళ్ళు ముగ్గురూ నవ్వారు. నేను క్యారియరు విప్పి, అన్నం గిన్నె, పప్పు గిన్నె, బెండకాయ వేపుడు వరసగా పెట్టి ఇంటికొచ్చాను.

ఆదివారం మమ్మల్నీ పిలిచారు. గోడౌన్ ముందు షామియానా, కుర్చీలు, ఒక పక్క భోజనాలు. ఆడవాళ్ళను వడ్డన దగ్గర కూర్చోబెట్టారు. బండి ఎర్ర తివాసీ మీద నిలబడి ఉంది, సైన్యం పచ్చరంగులో, అచ్చం పెళ్ళికొడుకులా. కొబ్బరికాయ కొట్టారు. రఫీక్ చేతులు ఊపి కిక్కు మీద కాలు పెట్టాడు. నాకూ ఆయనకూ మధ్య ఇరవై అడుగులు లేవు. లేచి, ఆగు, అంటే వినపడుతుంది. అఖిల్ కెమెరా తిప్పుతున్నాడు. నిన్న నవ్విన ముగ్గురిలో ఎదురు షాపు ఆయన ముందు వరసలో ఉన్నాడు. నేను లేవలేదు. ఒకసారి చెప్పాను, రెండోసారి చెప్పలేదు. ఆ రెండోసారి గురించి నన్నెవరైనా అడిగితే ఒక్కటే చెప్తాను. కోపం, అంతే. ఇరవై ఏళ్ళది ఒకేచోట పేరుకుపోయి నా కాళ్ళు కదలనివ్వలేదు. ఆయన కాలు విరగాలని కోరుకోలేదు. బండి లేవకూడదని మాత్రం కోరుకున్నాను, అబద్ధం ఎందుకు.

మొదటి కిక్కుకు ఏమీ కాలేదు. రెండోదానికి తుపాకీ పేలినట్టు ఒక్క మోత. కిక్కు వెనక్కి తన్ని ఆయన్ని ఎత్తి తివాసీ అవతల పడేసింది. చీలమండ పైన ఎముక రెండు చోట్ల విరిగింది.

జనం ఆయన్ని పైకెత్తుతూ అన్న మాటలు నాకు బాగా గుర్తు. "ఎనభై ఏళ్ళ బండి, ఏం చేస్తాడు పాపం." "దిష్టి తగిలింది, వీడియో అంతమంది చూశారు." తప్పు బండిదైంది, దిష్టిదైంది. ఒక్కరి నోట కూడా రఫీక్ పేరు రాలేదు. మంచి జరిగితే మాత్రం ఆ పేరు ఎంత తొందరగా వచ్చేదో.

ఆపరేషనయ్యి, పిండికట్టుతో ఇంటికొచ్చిన రోజు ఆయన నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. మా అత్త కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. "రావుగారితో మాట్లాడా," అన్నాడు. "ఇంజను దించి ఇంటికి పంపిస్తాడు. నువ్వు వెనక చేసెయ్యి. నేను మంచంలో కూర్చునే చేశానని చెప్తా. ఆ పని మన చేతిలోంచి పోకూడదు."

మన చేతిలోంచి, అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట మొదటిసారి విన్నాను, అదీ కాలు విరిగాక.

"ఇంజను ఇంటికి రాదు," అన్నాను. "నేనే రొంపిచెర్ల పోతా."

"అంతమంది మొగోళ్ళ ముందు నువ్వు పోయి చేస్తే నా పేరేం కావాలే?"

నొప్పితో ఉన్న మనిషి. మాత్రలు వేసింది నేను, ఒళ్ళు తుడిచింది నేను, బెడ్‌పాన్ పెట్టింది నేను. జాలి వేసింది కూడా. కానీ ఆ ప్రశ్న ఆయన నన్నే అడిగాడు చూడండి. ఇరవై ఏళ్ళుగా నా పేరేమైందని ఒక్కసారన్నా తనను తను అడుక్కోని మనిషి, తన పేరేం కావాలని నన్ను అడుగుతున్నాడు. నేను గొంతు పెంచలేదు.

"నీ పేరు నీ దగ్గరే ఉంటది. ఇకమీద దాని కింద నా పని మాత్రం ఉండదు," అన్నాను.

ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు, ఆమె ఏమన్నా అంటుందని. మా అత్త దుప్పటి అంచు సర్దింది. "పొద్దున నా సూది నేనే పొడుచుకుంటాలే. ఎన్నింటికి పోతావు?" అంది. నాకు కళ్ళలో నీళ్ళు రాలేదు, ఒళ్ళు మండింది. ఏడేళ్ళుగా రోజూ ఐదున్నరకు నేను పొడుస్తున్న సూది ఆమెకు పొడుచుకోవటం వచ్చన్నమాట.

నేనే వస్తున్నానని రావుగారికి ఫోనులో చెప్పి, బుధవారం పొద్దున బస్సెక్కాను. నా సంచిలో గీత పెట్టిన స్పోకు, గులాబీ కాగితం, పుల్లరు, మా నాన్న మాన్యువల్ పుస్తకం. గోడౌన్ దగ్గర చెన్నకేశవరావు గారు, ఆయన స్నేహితులు ఇద్దరు, అఖిల్. రఫీక్ మెదడుకు నేను చేతులు అరువిస్తున్నానని వాళ్ళు అనుకున్నట్టున్నారు. "ఫోను స్పీకర్లో పెట్టమంటావా అమ్మా? రఫీకు చెప్తుంటే చేద్దువుగానీ," అన్నారు రావుగారు.

"వద్దండీ. ఎవరన్నా టార్చి పట్టుకుంటే చాలు," అన్నాను.

వాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి, వీడియో తీయటానికి. టార్చి పట్టుకుంది అక్కడ ఊడ్చే ఆరోగ్యమ్మ. "ఎక్కడ పట్టాలో చెప్పమ్మాయ్," అని చీపురు గోడకు ఆనించి వచ్చింది. మూత విప్పాను. గేరు లాగాను. స్పోకు దించాను. కాగితం పెట్టి, ఇంజను వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. వెలుతురు బాగుంది. ఇంత మంచి వెలుతుర్లో నేనెప్పుడూ పని చేయలేదు. వెనకనున్న స్నేహితుల్లో ఒకాయన, "జాగ్రత్తమ్మా, అది కొంచెం సున్నితమైన పని," అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆరోగ్యమ్మకు కూడా.

గంటన్నరకు నట్టు బిగించి మూత వేశాను. పెట్రోలు తిప్పి, నిప్పు కాస్త ఆలస్యంగా పడేట్టు హ్యాండిలు మీది మీట వెనక్కి పెట్టి, కిక్కు మీద కాలు వేశాను. "వద్దమ్మా, డ్రైవర్ని పిలుస్తా," అని రావుగారు రెండడుగులు ముందుకొచ్చారు. మూడో కిక్కుకు లేచింది. తొందర లేకుండా, ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడేట్టు కొట్టుకుంటూ, నేల అదిరేట్టు. నా అరికాళ్ళలోంచి ఆ అదురు పైకి పాకింది. మీట ముందుకు తోస్తే ఇంజను చక్కగా అందుకుంది. అయిదు నిమిషాలు అట్లాగే తిరగనిచ్చాను. సంతోషంగా ఉంది. నలుగురి ముందు సంతోషంగా ఉండటం నాకు అలవాటు లేదు, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా నాన్న మిల్లు నుంచి వస్తన్నట్టుంది," అన్నారు. ఆ మాట నిజంగానే వచ్చింది ఆయన గుండెల్లోంచి, నేను కాదనను. ఆ తర్వాత మాట కూడా అంత ప్రేమగానే అన్నారు.

"రఫీకు గొప్పోడమ్మా. ఇంట్లో ఆడమనిషికి కూడా ఇంత చక్కగా నేర్పాడంటే, వాడెంత పనిమంతుడై ఉండాలి. వాడి కాలు బాగయ్యేదాకా నువ్వే వారం వారం వచ్చి చూసిపోతా ఉండు. పలక ఎట్టాగూ వాడి పేరున చెక్కించేశా, తలుపు పక్కన బిగించేస్తా."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. అఖిల్ ఫోను నా మొహం మీదే ఉంది, నేను సిగ్గుపడి నవ్వుతానని. ఎదురుగా మిగతా ఎనిమిది బండ్లు వరసగా ఉన్నాయి. కాళ్ళు విరగ్గొట్టే మాటలు తిట్లలాగా రావు. మెచ్చుకోలులాగా, ఆశీర్వాదంలాగా, కళ్ళు తుడుచుకుంటూ వస్తాయి. వాటికి జవాబు చెబితే మనమే పొగరుబోతులమవుతాం. సరేనంటే చాలు, బండ్లు నా చేతికి వస్తాయి, వారం వారం ఈ వెలుతురూ దొరుకుతుంది. పేరు ఒక్కటేగా, అని నా లోపలి మనిషే ఒకతి నచ్చజెప్పబోయింది. ఆమె గొంతు అచ్చం మా నాన్న గొంతులా ఉంది.

నేను బండి ఆపాను, ఆ చప్పుడులో నా మాట పోకుండా.

"రావుగారూ, ఆ పలక మార్పించండి," అన్నాను. "ఈ టైమింగు మొదట పెట్టింది నేనే. దాన్ని చెరిపి కాలు విరగ్గొట్టుకున్నది ఆయన. మిగతా ఎనిమిదీ నేను లేపుతాను, పలక మీద మైమూనా అని ఉంటేనే. లేదంటే ఇప్పుడే బస్సెక్కుతా. ఇక రఫీకంటారా, కాలు బాగయ్యాక పంపించండి. పని నేర్చుకుంటానంటే నా కింద పెట్టుకుంటాను."